నున్నన మేస్త్రీ ఉల్లిమడి

ఆయన పూసిన గోడ మీద చీమ ఎక్కబోతే జారి పడుతుందని కూలీలు చెప్పుకునేవారు. "దూరపు కొండలు నునుపంటారు. మా బావ గోడలు దగ్గరికెళ్ళి చెంప ఆనించినా నునుపే" అని బావమరిది ఒకసారి నలుగురిలో అన్నాడు. అప్పటినుంచి నున్నన మేస్త్రీ అయ్యాడు. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆయనే పలకడు.

సిమెంటు గోడ మీద జిప్సం పూసి అద్దంలా తేల్చడం ఆయన పని. గదుల కప్పు కింద తెల్ల పలకలు బిగించి అతుకు కనబడకుండా మూయడం కూడా. పొద్దున వెళ్ళిన మనిషి వేరు, సాయంత్రం వచ్చే మనిషి వేరు. కనుబొమల మీద, చెవి మడతల్లో, చొక్కా కుట్లలో తెల్లటి పొడి. భార్య గుమ్మం బయటే నిలబెట్టి దులిపేది.

"ఈ వేషంలో వీధిలో నడిచొచ్చావా? పిల్లలెవరూ జడుసుకోలేదా?" అనేది.

ఇల్లు తనే కట్టుకున్నాడు. కానీ వంటింటి గోడలకు పూత పడలేదు. రేపు, ఎల్లుండి అంటూనే ఇటుకలు ఇటుకలుగా మిగిలిపోయాయి. "నాకు గిన్నెలు తోమే పీచు కూడా అక్కర్లేదు. ఆ గోడకేసి రుద్దుకుంటే చాలు" అని భార్య వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. ఆయన వినీ విననట్టు ఊరుకునేవాడు.

ఇంత పని తెలిసిన చేతికి లొంగనిది ఒక్కటే. వంటింటి తలుపుకూ ప్రహరీకీ మధ్య మూడు మంచాలు పట్టేంత నేల. అందులో తియ్యటి ఉల్లి పండించాలని ఆయన పట్టు.

ఆ పట్టు ఒక ఇంట్లో పుట్టింది. వంటగది కప్పు పని చేస్తుంటే ఇంటి పెద్దావిడ భోజనం వేళకు ఉల్లిపాయ కోసి పళ్ళెంలో పెట్టింది. మర్యాదకని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నిచ్చెన మెట్టు మీద కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. ఘాటు లేదు. కంట తడి లేదు. నీరున్న పండులా కరకరలాడింది, వెనకాల తీపి తగిలింది. ఇంకో ముక్క అడగడానికి మొహమాటపడ్డాడు. అడగకుండానే ఆవిడ మిగతా పాయంతా ముందుకు తోసింది.

"ఇది తీపి రకం నాయనా. పెరట్లో పెంచాను."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు. భార్య నవ్వి నవ్వి తలుపు పట్టుకుంది.

"ఉల్లిపాయ తియ్యగా ఉందా? ఆకలి రుచెరుగదని ఊరికే అన్నారా!"

"ఆకలి కాదే. పండులా ఉంది."

"రేపు మిరపకాయ చల్లగా ఉందని చెప్పు. అదీ వింటాను."

ఆయన అబద్ధమాడే మనిషి కాడు. గోడలో వెంట్రుకంత వంకరుంటే యజమాని చూడకముందే తనే చూపించి, చెక్కేసి, మళ్ళీ పూసే రకం. అలాంటివాడి మాట సొంతింట్లో చెల్లలేదు. బావమరిదికి ఆ వీధి చివరే సెలూను. కుర్చీలో కూర్చున్న ప్రతి తలకూ కత్తెరతో పాటు ఈ కథా ఆడించాడు. కొన్నాళ్ళకు దారిన పోయేవాళ్ళు ఆగి, "మేస్త్రీ గారూ, టీలోకి చక్కెర అయిపోయింది, ఓ ఉల్లిపాయ ఇస్తారా?" అని అడగడం మొదలైంది.

పండించి పళ్ళెంలో పెడితే తప్ప ఈ నోళ్ళు మూతపడవనుకున్నాడు.

నర్సరీ నడిపే ఆవిడ తీపి రకం నారు తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. "లోతుగా నాటకు అన్నా. గడ్డ నేల మీద కూర్చోవాలి. ఎరువులు అవీ ఇవీ పొయ్యకు" అని చెప్పింది. ఆ నేల చూస్తే బంకమన్ను. ఎండకు రాయి, వానకు జిగురు. పారతో కొడితే పారే ఎగిరింది. జిప్సం చల్లితే గట్టినేల గుల్లవుతుందని పని దగ్గర ఎవరో అనగా విన్నాడు. జిప్సం ఆయనకు వెతికి తెచ్చుకునే వస్తువా? వసారా మూలన విప్పిన సంచులు ఎప్పుడూ ఉండేవి. రెండు తట్టలు చల్లి తిరగేశాడు. నేల నిజంగానే విడింది. వేలు గుచ్చితే దిగింది. మురిసిపోయాడు.

గడ్డలు ఊరుతూ పైకి తేలడం మొదలుపెట్టాయి. అది ఆయన చూడలేకపోయాడు. పునాది బయటపడ్డ గోడను ఏ మేస్త్రీ చూస్తూ ఊరుకుంటాడు? పొద్దున్నే తాపీ పట్టుకుని మట్టి ఎగదోసి గడ్డల భుజాలు కప్పేవాడు. పైగా తాపీ వెనకవైపుతో నున్నగా అద్దేవాడు. మడి చూస్తే గోడను పడుకోబెట్టినట్టుండేది. ఊపిరాడని గడ్డలు ఊరలేదు. మెడలు మాత్రం లావు. కోస్తే కళ్ళు మండాయి.

మరుసటి ఏడు ఆ తప్పు దిద్దుకున్నాడు. మట్టి ఎగదోయకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గడ్డలు పిడికిలంత వచ్చాయి. ఘాటూ పిడికిలితో గుద్దినట్టే వచ్చింది. భార్య మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ కోసింది.

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదయ్యా" అంది.

ఆయన నర్సరీకి పోట్లాటకు వెళ్ళాడు.

"నారు మార్చి ఇచ్చావమ్మా."

"అదే నారు ఇంకెందరో పట్టుకెళ్ళారన్నా. వాళ్ళకు తియ్యగానే వచ్చింది. ఎరువేమైనా వేశావా?"

"చిటికెడు కూడా వెయ్యలేదు."

ఆయన దృష్టిలో అది నిజం. ఎరువంటే పేడ, కుళ్ళిన ఆకు, దుకాణంలో అమ్మే గుళికలు. జిప్సం ఎరువెలా అవుతుంది? అది పూత సరుకు. ఒంటి మీద చెమట ఎంతో అదీ అంతే. దాన్ని వేశానని చెప్పాలన్న ఊహే ఆయనకు రాలేదు.

ఎండలకు నేల మళ్ళీ బిగిసేది. మళ్ళీ జిప్సం పోసేవాడు, ఈసారి మూడు తట్టలు. సాయంత్రాలు పనినుంచి రాగానే బకెట్లూ తాపీలూ మడి గట్టునే కడిగేవాడు. నీళ్ళు ఊరికే పోకూడదని. పాలలాంటి ఆ నీరు మెల్లగా ఉల్లి వరసల మధ్యకు జారుతుంటే, ఒక పనికి రెండు పనులయ్యాయని తృప్తిపడేవాడు. పంట చేతికొచ్చేది. కోస్తే కన్నీళ్ళు. నీళ్ళు ఎక్కువయ్యాయనుకున్నాడు, తక్కువయ్యాయనుకున్నాడు. ప్రహరీ నీడను తిట్టాడు. పక్కింటి పంపునూ తిట్టాడు. బావమరిది సెలూనులో కూర్చుని జుట్టు కత్తిరించుకోవడం కూడా మానేసి, చెవుల మీదకు వచ్చిన జుట్టుతో తిరిగాడు.

ఈలోగా భార్య మోకాలు పట్టేసింది. వాళ్ళ స్నానాల గది ఇరుకు. తలుపు మూస్తే కాలు చాపలేదు, కాలు చాపితే తలుపు పడదు. ఆయన పని బట్టలు నానితే బండబరువు, ఆరితే అట్ట. ముడుచుకు కూర్చుని వాటిని ఉతకడం ఇక తన వల్ల కాదంది.

"వెనకాల గచ్చు చేసి, నడుమెత్తున ఓ బండ పెట్టు. నిలబడి ఉతుక్కుంటాను."

"మడి ఉంది కదే అక్కడ."

"అదా మడి? ఏటా నా కళ్ళల్లో కారం కొట్టేది."

"ఈ ఒక్కసారి చూడు."

భార్య మోకాలి మీద చెయ్యేసి రాసుకుంటూ కూర్చుంది.

"సరే. ఈసారి తియ్యగా వస్తే ఆ నేల నీది. నా మోకాలి సంగతి నేను చూసుకుంటాను. రాలేదనుకో, నీ చేత్తోనే గచ్చు చెయ్యాలి. గోడనుంచి గోడదాకా, పిడికెడు మట్టి మిగలకుండా. మాట మారిస్తే ఊరుకోను."

"నేనెప్పుడు మార్చాను?"

"మార్చవనే కదా అడుగుతున్నాను."

జీవితమంతా నేలను సిమెంటు కింద పెట్టినవాడు. తనకంటూ మిగిలిన మట్టి అదొక్కటే. ఆ ఏడు చాలా శ్రద్ధ తీసుకున్నాడు. ఏ లోపమూ ఉండకూడదని నేలను ముందే తవ్వి ఏకంగా ఒక సంచి జిప్సం పోశాడు. మన్ను పిండిలా అయింది. నారు పైపైనే నాటాడు. కలుపు గోళ్ళతో తీశాడు. గడ్డలు ఒక్కొక్కటీ బల్లపరుపు భుజాలతో, పల్చటి పొరతో, చూస్తే ముద్దొచ్చేలా ఊరాయి. ప్రహరీ మీదనుంచి తొంగిచూసినవాళ్ళు మొదటిసారి చక్కెర ఊసెత్తలేదు. ఆకులు పండుబారి మెడలు వాలాయి. నీళ్ళు ఆపేశాడు.

ఇంట్లో కోసేముందు ఒకదాన్ని నర్సరీ ఆవిడకు చూపించాలనిపించింది. పోట్లాడి వచ్చిన చోటికి తలెత్తుకుని వెళ్ళాలని.

ఆవిడ గడ్డను అటూ ఇటూ తిప్పింది. "అబ్బ, పటంలో ఉన్నట్టుందన్నా!" అని అంటుకొమ్మలు కోసే కత్తితో సగానికి కోసింది. కోసీ కోయగానే మొహం పక్కకు తిప్పుకుంది. ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"ఎరువేం వేశావు?"

"వెయ్యలేదన్నాను కదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అలా కాదు. నేల తవ్విన దగ్గరనుంచి ఏం చేశావో వరసగా చెప్పు."

"ఏముంది? తవ్వాను. గుల్ల కావడానికి మన జిప్సం వేశాను. చదును చేశాను, నాటాను..."

"ఆగాగు. ఏం వేశావు?"

"జిప్సం. మా పని సరుకు. ఎప్పుడూ వేసేదే."

"ఎంత?"

"ఈసారి కొంచెం గట్టిగానే. ఒక సంచి."

ఆవిడ కత్తి కింద పెట్టింది. నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"అన్నా, అందులో గంధకం ఉంటుంది. ఉల్లికి ఘాటు దాన్నుంచే వస్తుంది. తీపి రకానికి ఇవ్వకూడనిది అదే. నువ్వు ఏటా చెంబులతో ఘాటు తాగించి, తియ్యగా రాలేదని నా మీదకు వచ్చావు. ఎరువు వేశావా, ఎరువు వేశావా అని ప్రతిసారీ అడిగాను కదా!"

"అది ఎరువు కాదు కదమ్మా. పూత సరుకు."

"నీకు పూత సరుకు. ఉల్లికేం తెలుసు?"

"మరి జిప్సం వేశావా అని అడగొచ్చుగా?"

"ఉల్లిమడిలో జిప్సం సంచి బోర్లించేవాడు ఒకడుంటాడని నేను కలగనలేదు!"

ఆయనకు కోపం వచ్చింది. ఆవిడ మీద చూపించడానికి లేదు. "ఇప్పుడు దాన్ని బాగుచేయాలంటే?" అన్నాడు.

"పై మన్నంతా ఎత్తి పారెయ్యి. ఇసుక కలిసిన కొత్త మన్ను పోసుకో. అంతేగానీ కడిగితే పోయేది కాదు, అంత పోశాక."

ఇంటిదారిలో ఆయన ఎవరినీ పలకరించలేదు. ఇన్నేళ్ళూ వంకర గోడలో ఉందనుకున్నాడు. వంకర గోడను సరిచూసే రసమట్టంలోనే ఉంది. నారును అనుమానించాడు, నీళ్ళను అనుమానించాడు, ఎండనూ నీడనూ అనుమానించాడు. చేతికి అంటుకున్న దాన్ని మాత్రం అనుమానించలేదు. రోజూ చూసేది కనబడదు. అరచెయ్యి చూసుకున్నాడు. గీతల్లో తెల్లగా ఉంది.

భార్యకు చెబుదామనుకున్నాడు. రుచి చూడకముందే చెబితే సాకులా ఉంటుంది. ఊరుకున్నాడు.

సెలవు రోజున బావమరిది కూడా వచ్చాడు. పిలవకుండానే.

"తీర్పు ఇవాళేనటగా! నేను లేకపోతే ఎలా? అక్కా, నాకు పెద్ద ముక్క వెయ్యి. ఇంట్లో చక్కెర డబ్బా దాచేసి మరీ వచ్చాను."

"నోర్మూసుకుని కూర్చోరా" అంది అక్క.

ఆవిడ అన్నిట్లోకీ పెద్ద గడ్డను తీసి, పొర వలిచి, చక్రాల్లా కోసింది. ఉప్పు పెట్టలేదు. మేస్త్రీ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఏం వస్తుందో తెలిసిన మనిషి. అయినా నర్సరీ ఆవిడ కోసినదాని సంగతి అంతేనేమో, దీని సంగతి వేరేమో అని ఒక పక్కన ఆశ. ఆశకు బుద్ధి ఉండదు.

భార్య ఒక చక్రం తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ముక్కు ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి, నిండి, రెండు చెంపల మీదకూ దిగాయి. తుడుచుకోలేదు. ఇంకో చక్రం తీసి నోట్లో పెట్టుకుంది.

"తియ్యగానే ఉంది" అంది.

బావమరిది గబుక్కున ఒక ముక్క లాక్కుని కొరికాడు. వెంటనే దగ్గుతూ నీళ్ళ కుండ దగ్గరకు పరిగెత్తాడు. "అక్కా, నీ నాలుకేమైనా అద్దెకిచ్చావా?" అని అక్కడినుంచి అరిచాడు.

"నాకు తియ్యగానే ఉందిరా. నీదే పాడు నోరు."

మేస్త్రీ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. పళ్ళెం తీసి పక్కన పెట్టాడు.

"ఎందుకే అబద్ధం?"

"అబద్ధమేంటి?"

"నా గోడ వంకరుంటే వంకరని చెప్పు. నున్నగా ఉందని జోకొట్టకు. నేను నిజం చెప్పిన రోజున పగలబడి నవ్వావు. ఇవాళ అబద్ధాన్ని నమలకుండా మింగుతున్నావు."

"నమిలే మింగాను" అంది ఆవిడ, కళ్ళు కారుతూనే. "ఏం చెయ్యమంటావు? గుమ్మంలో నీ మొహం అలా పెట్టుకుని నిలబడితే?"

ఆయనకు ఘాటుకన్నా అదే ఎక్కువ మండింది. ఇన్నేళ్ళ పనికి మిగిలింది జాలి. ఓడిపోయి ఉంటే ఓడిపోయానని గచ్చు వేసుకునేవాడు. ఇప్పుడు గెలిపించేశారు.

వెనక్కి వెళ్ళాడు. పారతో గడ్డలన్నీ పెకలించి పక్కన పోశాడు. మేకులు కొట్టి, దారం లాగి, గోడనుంచి గోడదాకా కొలత పెట్టాడు. మూలమట్టం పెట్టి మూలలు సరిచూశాడు. సిమెంటూ ఇసుకా కలపడం మొదలుపెట్టాడు. పార నేలకు తగిలిన ప్రతిసారీ ఎవరినో కొట్టినట్టు చప్పుడు.

భార్య గుమ్మంలోకి వచ్చింది. "నేను తియ్యగా ఉందన్నాను. ఆ లెక్కన నేల నీది."

"నీ లెక్క నాకొద్దు. నేనే పోశాను." నర్సరీ ఆవిడ చెప్పిందంతా చెప్పాడు. పార ఆపకుండానే, ముక్కలు ముక్కలుగా, ఎవరో మూడో మనిషి చేసిన తప్పులా చెప్పాడు. తట్టలు, సంచి, బకెట్లు కడిగిన నీళ్ళు. "ఏటేటా నేనే పోశాను. బుద్ధి లేక."

ఆవిడ విని, కాసేపు స్నానాల గది గొట్టం వైపు చూసింది.

"ఎండాకాలంలో నీ బట్టలు పిండిన నీళ్ళు కూడా ఆ గొట్టంలోంచి మడికే వదిలాను. నీ మొక్కలు వాడిపోతాయని."

పార ఆగింది.

"నువ్వు కూడానా?"

"నేను కూడా."

కుండ దగ్గర బావమరిది ఇంకా పుక్కిలిస్తున్నాడు.

భార్య కుంటుకుంటూ మెట్టు దిగింది. వంగలేక, ఒక చేత్తో గోడ పట్టుకుని, ప్రహరీ వైపున్న మేకును ఊడబెరికింది. లోపలికి ఒక మంచం వెడల్పు జరిపి కాలితో తొక్కి గుచ్చింది. దారం అడ్డంగా, ఐమూలగా సాగింది.

"అదేంటి?"

"నా బట్టలకు ఇంత చాలు."

"మూలమట్టం తప్పింది చూడు. అటు వెడల్పు, ఇటు ఇరుకు. ఇంకో మేకూ జరుపు."

"అక్కడిదాకా నా మోకాలు రాదు. ఇలాగే పొయ్యి."

"వంకర గచ్చు నా చేత్తో ఎలా పొయ్యనే? చూసినవాళ్ళు ఏమంటారు?"

"ఉల్లి ఊసు మానేసి గచ్చు ఊసెత్తుతారు. పొయ్యి."

ఆయన ఆ దారాన్ని చాలాసేపు చూశాడు. ఆ రెండో మేకు జరపడానికి ఆయనకు క్షణం పట్టదు. జరిపితే గచ్చు నలుచదరమవుతుంది, మిగిలే మట్టి ఇంకా పెరుగుతుంది, భార్య గచ్చు ఇంకా తగ్గుతుంది. భార్య జరిపిన మేకును పాత చోటనే కొడితే మట్టే ఉండదు. రెండూ చేయలేకపోయాడు. ఉన్నది ఉన్నట్టు పోశాడు. నీటి వాటం మాత్రం మిగిలిన మట్టి వైపు కాకుండా కాలువ వైపుకు పెట్టాడు. బండ నడుమెత్తున నిలబెట్టాడు. గచ్చు అద్దంలా తేలింది. అద్దంలా తేలిన కొద్దీ వంకర ఇంకా బాగా కనబడింది.

మర్నాటినుంచి మిగిలిన త్రికోణంలో మన్ను ఎత్తి పోయడం మొదలుపెట్టాడు. జానెడు తవ్వినా తెల్ల పలుకులే. మూరెడు దగ్గరా అవే. తిట్టుకుంటూ తవ్వాడు. కొత్త మన్ను ఎక్కడ దొరుకుతుందో, దొరికినా వచ్చే ఏడు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

గచ్చు ఇంకా పచ్చిది. నీళ్ళు పెట్టకపోతే పగుళ్ళిస్తుంది. పొద్దునా సాయంత్రమూ చెంబుతో తడపాలి. ఆయన అలా వంగి తడుపుతుంటే బావమరిది ప్రహరీ మీద గడ్డం ఆనించి చూశాడు.

"బావా, ఇదైనా మొలుస్తుందంటావా?"

మేస్త్రీ తలెత్తలేదు. చెంబులో మిగిలిన నీళ్ళు అతని మొహాన కొట్టి, మళ్ళీ నింపుకోవడానికి కుళాయి దగ్గరకు వెళ్ళాడు.